బాపమ్మను మరిచిన కోడిపిల్లలు

పిల్లలూ, ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. తల నెరిసిన తర్వాత అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. మీరు ఒక పేజీ రాసేలోపు నేను ఒక వరుస రాస్తాను. అందుకే చిన్న చిన్న మాటల్లోనే చెబుతాను. మీరూ నిదానంగా చదవండి.

ఒంటిపూట బడి అప్పుడే వదిలారు. రవళి ఎండలో పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. ఒక చెప్పు గడప దగ్గర, ఒక చెప్పు వాకిట్లో వదిలేసింది. బ్యాగు మంచం మీదికి విసిరింది.

"షురూ చేసినవా బాపమ్మా? నేను రాకముందే?"

"ఏడ షురూ జేసిననే? మీ అమ్మ నా తలకాయకు ఇంకా ఊరగాయ పెడుతనే ఉన్నది" అంది బాపమ్మ.

నిజంగానే అలా ఉంది. అమ్మ శోభారాణి గిన్నెలో ఉప్పునీళ్లు కలిపింది. నల్లటి టోపీ లోపల చిన్న చిన్న స్పాంజి ముక్కలున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఆ నీళ్లతో తడుపుతోంది. ఉప్పునీళ్లు బాపమ్మ చెవి పక్క నుంచి మెడ మీదికి జారుతున్నాయి.

"అత్తమ్మా, జర కదలకుండ్రి."

"మామిడికాయ కదుల్తదా? నేనూ కదల్త లేను."

రవళి పకపకా నవ్వింది. వచ్చి బాపమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది.

బాపమ్మ అంటే రవళి వాళ్ల నాన్నకు అమ్మ. పేరు నీలవ్వ. నాన్న మస్కట్‌లో డ్రైవర్. ఆర్మూర్‌లో ఆ ఇంట్లో ఉండేది ఈ ముగ్గురు ఆడవాళ్లే.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున బాపమ్మ చాయ్ గ్లాసు ఎత్తబోయి పడేసింది. మూతి ఒక పక్కకు పోయింది. కుడికాలు, కుడిచెయ్యి చచ్చుబడ్డాయి. పక్షవాతం అన్నారు. చాలా రోజులు దవాఖానలో ఉంచారు. మెల్లగా మాట వచ్చింది. కర్ర పట్టుకుంటే నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. పిడికిలి బిగుసుకుపోయింది. ఎంత చెప్పినా తెరుచుకోవడం లేదు.

ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. మా గల్లీలో అంత చకచకా బీడీలు చుట్టే చెయ్యి ఇంకొకటి లేదు. సినిమా కథ చెబుతూ, పక్కవాళ్లను వెక్కిరిస్తూ, కళ్లు కిందికి దించకుండానే చుట్టేది. ఇప్పుడు ఆ చెయ్యి ఒళ్లో ఒక రాయిలా పడి ఉంటుంది.

ఆ చేతికోసమే ఈ టోపీ.

కరుణశ్రీ మేడం తెచ్చింది దాన్ని. ఆమె ఫిజియోథెరపీ చేస్తుంది. స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి, చేతులు కాళ్లు రానివాళ్లతో కసరత్తులు చేయిస్తుంది. టోపీతో పాటు ఒక ట్యాబ్, ఒక లావుపాటి గ్లౌజు కూడా ఇచ్చింది. అది ఎలా పనిచేస్తుందో మొదటి రోజే చెప్పింది.

"అవ్వా, నువ్వు పిడికిలి తెరవాలె అని మనసుల గట్టిగ అనుకో. అనుకున్నప్పుడు తలల సన్నగ కరెంటు లెక్క పుడ్తది. గీ టోపీ అది ఇని, ట్యాబ్‌కు చెప్తది."

"చెప్తే?"

"చెప్తే కోడిపిల్లలు వస్తయి."

అదొక ఆట. ట్యాబ్‌లో ఒక పిడికిలి కనిపిస్తుంది. బాపమ్మ బాగా అనుకుంటే ఆ పిడికిలి తెరుచుకుంటుంది. అందులోంచి జొన్నలు రాలతాయి. గడ్డివాము చాటు నుంచి పసుపురంగు కోడిపిల్లలు కియ్ కియ్ మంటూ పరుగెత్తుకొస్తాయి. సరిగ్గా అప్పుడే గ్లౌజులోకి గాలి వచ్చి, బాపమ్మ నిజం పిడికిలిని కూడా మెల్లగా తెరుస్తుంది. అలా అనుకోవడం, తెరుచుకోవడం మళ్లీ మళ్లీ జరిగితే, తలకూ చేతికీ తెగిపోయిన దోస్తీ మళ్లీ కలుస్తుందని మేడం చెప్పింది.

"ఇగ అనుకో బాపమ్మా!" అంది రవళి.

బాపమ్మ కళ్లు చిన్నవి చేసింది. నుదుటి మీద చెమట పట్టింది. ట్యాబ్‌లో పిడికిలి వణికింది. తెరుచుకోలేదు. రవళికి ఆగలేదు. తన పిడికిలి బిగించి, తెరిచి, బిగించి, తెరిచింది.

"నువ్వు తీస్తే వాటికేం తెల్సే పిచ్చిదానా" అంది బాపమ్మ.

మళ్లీ అనుకుంది. ఈసారి పిడికిలి తెరుచుకుంది. గ్లౌజు ఉస్స్‌మంది. ఒక కోడిపిల్ల వచ్చి జొన్నలు తింది.

"తిను తిను. నీకొక్కదానికే పుట్టింది ఆకలి" అంది బాపమ్మ. కానీ ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇంకో రెండు మూడు పిల్లలు వచ్చేసరికి ఆమె అలిసిపోయింది. తల వెనక్కి వాల్చింది.

"ఇయ్యాల్టికి చాలు. తలకాయ గుంజుతుంది."

"ఇంకా మస్తుగున్నయి బాపమ్మా! గడ్డివాము ఎనుక ఉన్నయి."

"ఉండనియ్యి. రేపటిదాక పస్తులుంటే సావవు."

అమ్మ టోపీ తీసి తుడిచి పెట్టెలో పెట్టింది. బాపమ్మ పడుకుంది.

అమ్మ వాకిట్లోకి వచ్చి చాట ఒళ్లో పెట్టుకుంది. అప్పటికే గల్లీ ఆడవాళ్లు నీడలో కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఎదురింటి అంజవ్వ చాట మాత్రం సగం కూడా నిండలేదు. ఆమె మనవడికి జ్వరం. వాడు ఆమె మెడ పట్టుకుని వేలాడుతున్నాడు.

"కార్ఖానా కాడ బీడీలు లెక్కబెట్టే గుమాస్తా లేస్తడు ఇగ. నాది ఎట్లనో ఏమో" అంది అంజవ్వ.

పక్కనున్నామె తన చాటలోంచి ఒక పిడికెడు బీడీలు తీసి అంజవ్వ చాటలో వేసింది. ఆ పక్కామె ఇంకో పిడికెడు వేసింది. అమ్మ కూడా వేసింది. అంజవ్వ చాట నిండింది. ఎవరి చాట ఎప్పుడు వెనకబడినా మేము అలాగే చేస్తాం. అడగడం ఉండదు, చెప్పడం ఉండదు. రవళి పాకే వయసు నుంచీ చూస్తున్న సంగతే అది.

అప్పుడే అమ్మ ఫోను మోగింది. చేతికి తంబాకు అంటుకుని ఉంది. అందుకని స్పీకరు పెట్టి కింద ఉంచింది.

"శోభక్కా, నేను కరుణశ్రీని. అవ్వ రోజూ ఆడుతలేదా? ట్యాబ్ పంపిన పోయిన వారం లెక్క చూసిన, కోడిపిల్లలు గింత తక్కువ వస్తున్నయేంది?"

"ఆడుతుంది మేడం. తొందరగ అలిసిపోతుంది."

"జర రోజూ కూసోబెట్టుండ్రి. మా దగ్గర మిషన్లు తక్కువున్నయి. భీమ్‌గల్‌ల ఒకాయన ఎదురుచూస్తున్నడు. ఇంట్ల వాడుతలేరంటే మా సార్లు దీన్ని ఆయనకు ఇయ్యమంటరు."

"అయ్యో, వద్దు మేడం. మంచిగ ఆడిపిస్త."

రవళి గడప మీద కూర్చుని అంతా విన్నది. మిషన్ తీసుకుపోతే? బాపమ్మ చెయ్యి ఎప్పటికీ రాయిలాగే ఉంటుందా?

ఆమె అంజవ్వ చాట వైపు చూసింది. నిండుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బాపమ్మ ఆడి, అలిసి, పడుకుంది. అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. రవళి చప్పుడు కాకుండా పెట్టె తెరిచింది. ఉప్పునీళ్లు కలిపింది. స్పాంజి ముక్కలు తడిపి టోపీ పెట్టుకుంది. గ్లౌజు మాత్రం పెట్టెలోనే ఉంచింది. చల్లగా, చక్కిలిగిలిగా అనిపించింది.

ట్యాబ్ తెరిస్తే బాపమ్మ ఫోటో వచ్చింది. కింద 'నీలవ్వ' అని ఉంది. దాని మీద వేలు పెట్టింది.

పిడికిలి కనిపించింది.

'తెరుచుకో' అనుకుంది రవళి. తెరుచుకోలేదు. నోటితో అంది. ఊఁహూఁ. కళ్లు మూసుకుని, నిజంగా చేతిలో జొన్నలు ఉన్నట్టు, వాటిని వాకిట్లో చల్లుతున్నట్టు అనుకుంది. అప్పుడు కొంచెం కదిలింది. ఇంకాసేపటికి తెరుచుకుంది. ఒక పిల్ల వచ్చింది. రవళి ఎగిరి గంతేయబోయి టోపీ వైరు చూసి ఆగింది.

ఆ రోజు కొన్నే వచ్చాయి. తర్వాతి రోజు ఎక్కువ వచ్చాయి. ఆ తర్వాతి రోజు గడ్డివాము వెనక ఒక్కటి కూడా మిగల్లేదు. పిల్లలన్నీ తిన్నాక, బుట్ట కింద నుంచి ఎర్ర కోడిపెట్ట ఒకటి వచ్చి కొక్కొరొకో అని రెక్కలు కొట్టింది. పెట్ట కూడా కూస్తుందా అని రవళి నవ్వుకుంది.

ఇవన్నీ బాపమ్మ లెక్కలోకే పోతాయి. మేడం చూస్తుంది. మిషన్ ఇక్కడే ఉంటుంది. రవళికి కడుపు నిండినట్టు అయింది.

కానీ బాపమ్మకు ఏదో అవుతోంది.

మొదట కోడిపిల్లలు తగ్గాయి. తర్వాత ఒకటి రావడం కూడా కష్టమైంది. ఒక రోజైతే అసలు రాలేదు. బాపమ్మ అనుకుంది, అనుకుంది, పళ్లు కొరికింది. ట్యాబ్‌లో పిడికిలి కనీసం వణకలేదు. గ్లౌజు ఉస్స్‌మనలేదు. కోడిపిల్లలు గడ్డివాము చాటు నుంచి తలలు పెట్టి చూస్తున్నాయి. ముందుకు రావడం లేదు.

"ఏమే, నన్ను గుర్తుపట్టవా?" అంది బాపమ్మ వాటితో.

రవళికి భయమేసింది. బాపమ్మ చాట మరీ ఖాళీ అయిపోతోంది అనుకుంది. అందుకే ఆ మధ్యాహ్నం ఇంకా ఎక్కువసేపు ఆడింది. కోడిపెట్ట వచ్చేదాకా లేవలేదు.

మర్నాడు బాపమ్మ కాసేపు ప్రయత్నించి, ఎడమచేత్తో టోపీ లాగేసింది. ఉప్పునీళ్లు చిందాయి.

"శోభా, దీన్ని తీసుకపొమ్మని చెప్పు."

"ఏమైంది అత్తమ్మా?"

"నా చెయ్యి సచ్చిపోయింది. జరంత పానం ఉండె. గదీ పోయింది. కోళ్లకు గూడ తెల్సింది, నాకే తెల్వకపాయె."

"గట్లనకుండ్రి అత్తమ్మా."

"ఇంకెట్లనాలె?"

బాపమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం వాకిట్లోకి రాలేదు. అంజవ్వ కిటికీ దగ్గరికి వచ్చి, "ఓ నీలవ్వా, నువ్వు లేకపోతే మమ్ములను తిట్టేటోళ్లు లేరు, రా" అని పిలిచింది. బాపమ్మ పలకలేదు. ఎవరు పిలిచినా పలకని బాపమ్మను రవళి ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు రవళి టోపీ పెట్టె ముట్టలేదు.

కబురు విని మర్నాడు కరుణశ్రీ మేడం వచ్చింది. హెల్మెట్ తీయకముందే ట్యాబ్ తెరిచింది. చూస్తూ చూస్తూ ఆమె కనుబొమ్మలు దగ్గరయ్యాయి.

"శోభక్కా, గీ కొన్ని రోజులు చూడుండ్రి. కోడిపెట్ట గూడ వచ్చింది! గింత మంచిగ ఎవ్వరు ఆడరు. మరి నిన్న, ఇయ్యాల ఒక్కటి గూడ లేదు."

బాపమ్మ గోడ వైపు నుంచి అంది. "కోడిపెట్టా? నాకెన్నడు రాలే."

"వచ్చిందవ్వా. దీంట్ల ఉన్నది." మేడం గ్లౌజు తీసి, గొట్టం ఊపి చూసింది. "గ్లౌజు మాత్రం తక్కువ కదిలింది. గొట్టం ఊడిందా ఏంది? లేదు, మంచిగనే ఉన్నది."

బాపమ్మను లేపి కూర్చోబెట్టింది. కళ్లల్లో లైటు వేసి చూసింది. నాలుక చాపమంది. నవ్వమంది. బాపమ్మకు నవ్వు రాలేదు. మేడం అమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. గది చిన్నది. రవళికి వినిపించింది.

"అక్కా, గంత మంచిగ ఆడిన మనిషి ఒక్కసారే గిట్ల పడిపోయిందంటే నాకు భయమైతుంది. మళ్ల స్ట్రోకు వచ్చిందో ఏమో. ఆలస్యం చెయ్యొద్దు. నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకపోయి తలకాయ స్కాన్ చేపియ్యాలె."

అమ్మ ముఖం తెల్లబోయింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఒకసారి అలమర తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. బాపమ్మ చీర ఒకటి సంచిలో కుక్కింది.

"రవళీ, ఉరుకు. చౌరస్తా కాడ ఆటో దొరుకుతదేమో చూడు. ఉరుకు!"

రవళి కదలలేదు.

"ఇనబడ్తలేదానే?"

"అమ్మా... బాపమ్మకు ఏం కాలే."

"ఏంది?"

"గా కోడిపెట్ట బాపమ్మది గాదు." అంది రవళి. "నాది."

అమ్మ చేతిలో సంచి అలాగే ఉంది.

మేడం మోకాళ్ల మీద కూర్చుని రవళి ముఖంలోకి చూసింది. "టోపీ నువ్వు పెట్టుకున్నవా?"

రవళి తల ఊపింది. కళ్లల్లోంచి నీళ్లు జారిపోయాయి.

"బాపమ్మ పండుకున్నప్పుడు. రోజు."

అమ్మ చెయ్యి పైకి లేచింది. "నీ అసుంటి దాన్ని..."

"ఆగు శోభా!" బాపమ్మ కేక వేసింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు అంత గట్టిగా వచ్చింది. "మేడంను మాట్లాడనియ్యి. బిడ్డా, గది ఆడితే నాకేమైతది? నా చేతికేంది?"

మేడం లేచి బాపమ్మ పక్కన మంచం మీద కూర్చుంది.

"అవ్వా, ఒక్కొక్కరి తల ఒక్కో తీరు మాట్లాడ్తది. నీ తల మాట నీదే, రవళి తల మాట రవళిదే. గీ మిషన్ రోజూ ఇనుకుంట ఇనుకుంట, టోపీ పెట్టుకున్న మనిషి మాట నేర్చుకుంటది. మొదట నీ మాట నేర్చుకున్నది. తర్వాత రవళి ఎక్కువ ఆడింది గదా. ఆ పిల్ల మాట నేర్చుకొని, నీది మర్చిపోయింది."

"అంటే నేను అన్నది దానికి సమజైతలేదా?"

"అయితలేదు."

"నా చెయ్యి సావలే?"

"సావలేదవ్వా. నువ్వు రోజూ మంచిగనే అన్నవు. అదే ఇనలే."

బాపమ్మ కాసేపు తన పిడికిలి వైపు చూసుకుంది. తర్వాత నవ్వింది. మూతి ఒక పక్కకే నవ్వింది, కళ్లు రెండూ నవ్వాయి, నీళ్లు కూడా వచ్చాయి.

"గా కోళ్లకు మతి తప్పిందని చెప్పుండ్రి గయితే! నా పానం తీసినయి గదనే!"

అమ్మ సంచి కింద పెట్టి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఎందుకు జేసినవే?" అని అడిగింది బాపమ్మ.

రవళి వెక్కుతూనే చెప్పింది. "మిషన్ భీమ్‌గల్‌కు ఇస్తరన్నరు. నీయి తక్కువ వస్తున్నయి. అంజవ్వ చాటల అందరు ఏస్తరు గదా... నేను నీ దాంట్ల ఏసిన."

మేడంకు అర్థం కాలేదు. అమ్మ వైపు చూసింది. అమ్మ బీడీల చాట సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు మెత్తబడింది.

"అంటే నాకు పిడికెడు పిడికెడు ఏసినవు" అంది బాపమ్మ.

"ఊఁ."

బాపమ్మ ఎడమచేత్తో రవళిని దగ్గరికి తీసుకుంది. తల నిమిరింది. తర్వాత మెల్లగా అంది.

"గోడ దిక్కు తిరిగి ఏమనుకున్ననో ఎరుకనా బిడ్డా? ఇగ నాతోని ఏం గాదు అనుకున్న."

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అమ్మ కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు రవళికి. బాపమ్మ కొంగులో ముఖం దాచుకుంది.

కొంచెంసేపయ్యాక ముఖం బయటపెట్టి మేడంను అడిగింది. "మిషన్ తీసుకపోతరా?"

"లేదు. అవ్వకు అవసరమని చెప్త. భీమ్‌గల్ ఆయనకు ఇంకొకటి చూస్తం. కానీ రవళీ, తక్కువ కోడిపిల్లలు వస్తే నేను ఆట సులువు చేస్త. మంచిగ వస్తే కష్టం చేస్త. నాకు దారి చూపెట్టేటియి గవ్వే. దొంగ కోళ్లు వస్తే నేను ఎటు పోవాల్నో నాకెట్ల తెల్సు?"

"దొంగ కోళ్లు రావు మేడం. ఇగ రావు."

"ఇప్పుడు పాతదంతా తుడిచేస్త. మళ్ల మొదటి నుంచి అవ్వనే నేర్పాలె. మొదట్ల ఒక్క పిల్ల రాదు. ఇంట్ల ఎవ్వరు టోపీ ముట్టొద్దు. ఓపిక పట్టాలె."

"గీ పిల్ల నా పక్కకే కూసుంటది" అంది బాపమ్మ. "కోళ్లు రాకపోతే నేను ఎవ్వరితోని కొట్లాడాలె మరి?"

అలా మళ్లీ మొదలైంది.

పిల్లలూ, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మీకు తెలుసా? రవళికి అప్పుడు తెలిసింది. బాపమ్మ చెమటలు కక్కుతూ అనుకునేది. పిడికిలి కదిలేది కాదు. రవళి పెదాల దాకా మాట వచ్చేది. 'జొన్నలు చల్లుతున్నట్టు అనుకో బాపమ్మా' అని చెప్పాలనిపించేది. కానీ అది తన తల మాట. బాపమ్మది ఇంకోలా ఉంటుంది. నోరు మూసుకునేది. చేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చునేది.

"ఏందే, మూగదానివైనవా?" అనేది బాపమ్మ.

"నువ్వు అనుకో. నేను ఉన్న."

ఒక రోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది. గడ్డివాము చాటున తలలు మాత్రం కనిపించేవి. బాపమ్మ వాటిని తిట్టేది, బతిమాలేది, అలిసిపోయి పడుకునేది. మర్నాడు మళ్లీ తల ముందుకు వంచేది. "పెట్టు శోభా ఊరగాయ" అనేది.

ఒక మధ్యాహ్నం పిడికిలి వణికింది. రవళి ఊపిరి బిగబట్టింది. వణుకు ఆగింది. మళ్లీ వచ్చింది. పిడికిలి మెల్లగా, తలుపు కిర్రుమన్నట్టు, తెరుచుకుంది. గ్లౌజు ఉస్స్‌మంది. ఒకే ఒక్క కోడిపిల్ల గడ్డివాము దాటి, అటూ ఇటూ చూసి, పరుగెత్తుకొచ్చింది.

"వచ్చినవా దొంగదానా!" అంది బాపమ్మ. "గిప్పుడు గుర్తొచ్చిన్నా నేను?"

"ఎట్ల అనుకున్నవు బాపమ్మా?" రవళి ఇక ఆగలేక అడిగింది.

బాపమ్మ కొంచెం సిగ్గుపడింది. "మీ నాన్న చిన్నగున్నప్పుడు పైస దొరికిందని పిడికిట్ల దాసుకున్నడు. తియ్యిరా, తియ్యిరా అని ఒక్కొక్క ఏలు తీపిచ్చిన. గది యాదికొచ్చింది."

రవళికి అది ఎప్పటికీ తట్టేది కాదు.

వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి. కోడిపిల్లలు కొన్ని రోజులు ఎక్కువ వచ్చేవి, కొన్ని రోజులు తక్కువ. తక్కువ వచ్చిన రోజు తక్కువే అని మేడంకు ఫోనులో రవళే చెప్పేది. గ్లౌజు లేకుండా బాపమ్మ బొటనవేలు పక్కకు జరగడం మొదలైంది. తర్వాత చూపుడువేలు. బీడీ చుట్టేంత కాదు. అది వస్తుందో రాదో మేడం కూడా చెప్పలేదు. కానీ ఇప్పుడు సాయంత్రాలు బాపమ్మ వాకిట్లోకి వస్తుంది. అంజవ్వను తిట్టడానికి మనిషి దొరికింది.

బళ్లు తెరిచిన కొత్తలో ఒక పొద్దున వాన పడుతోంది. రవళికి లేటయింది. అమ్మ లోపల టిఫిను డబ్బా కడుతోంది. బయట వ్యాను వచ్చి హారన్ కొట్టింది. రవళి కొత్త యూనిఫాం చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తబోయింది.

"ఇటు రాయే. పై గుండీ నేను పెడ్త" అంది బాపమ్మ.

ఎడమచెయ్యి కాదు, కుడిచెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి రవళి మెడ దాకా రావడానికే చాలాసేపు పట్టింది.

రవళి ఆగింది.

బొటనవేలు గుండీని వెతికింది. దొరికింది. జారింది. మళ్లీ దొరికింది. హారన్ మళ్లీ మోగింది.

"ఓ రవళీ! వస్తున్నవా, పోవాల్నా?" అని అరిచాడు వ్యాను డ్రైవర్ కాశీరాం. లోపల పిల్లలు కూడా గొంతు కలిపారు. "రవళీ! లేటైతుందే!"

రవళి చేతులు వాటంతటవే గుండీ దగ్గరికి పోయాయి. ఒక్క క్షణం పని. టక్కున పెట్టేస్తే అయిపోతుంది.

రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది.

"జర ఆగుండ్రి అంకుల్!" అని కేకేసింది. "మా బాపమ్మ గుండీ పెడుతుంది!"

బయట హారన్ ఆగింది.

బాపమ్మ నాలుక కొస బయటపెట్టి, కళ్లు చిన్నవి చేసి చూస్తోంది. గుండీ అంచు కాజాలో దూరింది. బయటికొచ్చింది. మళ్లీ దూరింది. ఆమె బొటనవేలు వణుకుతూ దాన్ని నెట్టింది. రవళి మెడ మీద బాపమ్మ ఊపిరి వెచ్చగా తగులుతోంది. నెట్టింది, నెట్టింది.

గుండీ పట్టేసింది.

బాపమ్మ వెనక్కి వాలి చూసుకుంది. ముఖం చిన్నబోయింది. "అయ్యో, కింది కాజాల పెట్టిన్నే. కాలరు వంకరొచ్చింది. ఇటు రా, తీస్త."

"వద్దు! గట్లనే ఉండనియ్యి!"

రవళి బాపమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, డబ్బా లాక్కుని, వానలో వ్యాను ఎక్కింది.

బడిలో ప్రార్థనకు వరుసలో నిలబడ్డప్పుడు, వెనకున్న అమ్మాయి ఆమె భుజం తట్టింది.

"నీ గుండీ తప్పు కాజాల పెట్టుకున్నవే. కాలరు చూడు, ఎట్లున్నదో. ఆగు, నేను పెడ్త."

రవళి గబుక్కున గుండీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు. మా బాపమ్మ పెట్టింది."

సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఆ కాలరు వంకరగానే ఉంది.

కమలవ్వ
వయసు అరవై ఏడు
మొన్నటిదాకా ఆర్మూర్, నీలవ్వ వాళ్ల గల్లీ. ఇప్పుడు జక్రాన్‌పల్లిలో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.